బిగించినవాడిదే బండి!

పెట్టె తెరిస్తే బండి ఉండదు. సంచుల్లో స్క్రూలుంటాయి, గేర్లుంటాయి, చిన్న సీసాల్లో నూనె ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా బిగించి, నడిపి, విరగ్గొట్టి, మళ్లీ బిగించే ఆట... రిమోట్ కంట్రోల్ ఆఫ్‌రోడ్ ట్రక్కు. ఆ పెట్టెలో దాగున్న విద్య మాత్రం ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఏ ట్రాక్టరు షెడ్డును అడిగినా చెబుతుంది.

వానాకాలం. బూర్గంపాడు వైపు ఓ మాగాణి. దమ్ము చేస్తున్న ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెనక చక్రాల్లో ఒకటి బురదలో గిర్రున తిరుగుతుంటుంది. రెండోది కాస్త గట్టి నేల మీదే ఉన్నా చలనం ఉండదు. డ్రైవరు కంగారుపడడు. కాలి మడమ దగ్గరున్న చిన్న పెడలును నొక్కుతాడు. అంతే! రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. బండి బురద దాటేస్తుంది.

ఆ పెడలు పేరు డిఫరెన్షియల్ లాక్. పొలం పనులు తెలిసిన వారికి అదేమంత వింత కాదు. కానీ అచ్చం అదే తంటాను అదే సూత్రంతో పరిష్కరించే నిమ్మకాయంత డబ్బాను ఎప్పుడైనా చూశారా? ఆ డబ్బాను విప్పి, గేర్లు పేర్చి, నూనె నింపి, మూత బిగించే పని ఓ తొమ్మిదో తరగతి పిల్లాడు చేస్తే ఎలా ఉంటుంది?

పోటీల కోసం తయారయ్యే రిమోట్ కంట్రోల్ ట్రక్కు కిట్‌లో జరిగేది అదే. అసలు బండిలో ఎనిమిదో వంతు కొలతతో చేసే ఈ ట్రక్కు మూరెడు పైచిలుకు పొడవుంటుంది. బ్యాటరీతో కలిపి నాలుగు కిలోల పైమాటే. కరెంటు మోటారుతో గంటకు 60 కిలోమీటర్ల వేగం దాకా పోగలదు. మట్టిదిబ్బ మీంచి ఎగిరి, గాల్లో తేలి, నాలుగు చక్రాల మీద దిగగలదు. దిగకపోతే విరుగుతుంది. అసలు ఆట అక్కడే మొదలవుతుంది.

ఆటబొమ్మ కాదా మరి?

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లిన కుటుంబం పిల్లాడికో రిమోట్ కారు కొనిస్తుంది. అది ఇంటికొచ్చాక రెండు రోజులు తిరుగుతుంది. మూడో రోజు గోడకు గుద్దుకుంటుంది. విప్పుదామంటే స్క్రూలు కనిపించవు. విప్పినా లోపలి గేరు ఎక్కడా దొరకదు. నాలుగో రోజుకు అటకెక్కేస్తుంది. చాలా ఇళ్లల్లో రిమోట్ కార్ల కథ ఇంతే.

పోటీ ట్రక్కు కథ వేరు. అందులో ప్రతి ముక్కకూ ఓ నంబరు ఉంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే చెయ్యి విరిగితే ఆ చెయ్యి ఒక్కటే కొనుక్కోవచ్చు. బేరింగు అరిగితే బేరింగు ఒక్కటే. బండిని విప్పడానికే తయారుచేస్తారు. సగటు వినోదానికి పెట్టెలోంచి తీసి నడిపే 'రెడీ టు రన్' బండ్లూ ఉన్నాయి. కానీ పోటీలంటే మనసుపడేవాళ్లు కిట్‌నే ఎంచుకుంటారు. కారణం ఒక్కటే... తాను బిగించని బండి దారిలో ఆగితే ఎక్కడ చెడిందో తెలియదు. తాను బిగించినదైతే చప్పుడు విని చెప్పేయొచ్చు.

ఈ ట్రక్కుల్లోనూ రకాలున్నాయి. పదో వంతు కొలతలో, వెనక చక్రాలతో నడిచేది స్టేడియం ట్రక్కు. ఎనిమిదో వంతులో, నాలుగు చక్రాలూ లాగేది ట్రగ్గీ. అంటే ట్రక్కుకూ బగ్గీకీ మధ్యరకం. ఇక వేగంతో పనిలేకుండా బండరాళ్లెక్కేది క్రాలర్. మనం చెప్పుకుంటున్నది ట్రగ్గీ గురించి.

కోత మిల్లు నుంచి కార్ల దాకా

ఈ ఆటకు ఊపిరి పోసిన కంపెనీల్లో మొదట చెప్పుకోవాల్సింది జపాన్‌లోని తమియా. షిజువోకా పట్నంలో 1946లో అది మొదలైంది కలప కోత మిల్లుగా! తర్వాత చెక్క బొమ్మలకీ, ఆపైన ప్లాస్టిక్ నమూనాలకీ మళ్లింది. 1976లో పోర్షె 934 కారును పన్నెండో వంతు కొలతలో రిమోట్ కిట్‌గా తెచ్చింది. ఆ కారు లోపలి అమరిక సరిగ్గా పట్టుకోవడానికి కంపెనీ సారథి షున్సాకు తమియా ఏం చేశారో తెలుసా? అసలైన పోర్షె 911 కారునే కొని విప్పదీశారు. విప్పితేనే తెలుస్తుందన్నది ఆయన లెక్క. ఆయన 2025లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

1979లో అదే కంపెనీ రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ పేర్లతో ఇసుకలో నడిచే బగ్గీలను తెచ్చింది. దాంతో రిమోట్ కారు నున్నటి తారు నేల దిగి మట్టిలోకి వచ్చేసింది. 1984లో అమెరికా కంపెనీ టీమ్ అసోసియేటెడ్ 'ఆర్‌సీ10' కిట్‌ను విడుదల చేసింది. బంగారు రంగు అల్యూమినియం చాసిస్, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు... అది అచ్చంగా పందెం కోసమే పుట్టిన బండి. మరుసటేడు 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో పదో వంతు కరెంటు ఆఫ్‌రోడ్ కార్లకు మొదటి ప్రపంచ పోటీ జరిగింది. రెండు చక్రాల విభాగంలో జే హాల్సీ గెలిచింది ఆ బండితోనే. ఆ తర్వాత జపాన్ కుర్రాడు మసామి హిరోసకా వచ్చాడు. రకరకాల విభాగాల్లో మొత్తం 14 ప్రపంచ టైటిళ్లు సొంతం చేసుకున్నాడు.

పోపులపెట్టె కావాలి!

సరే... కిట్ ఇంటికొచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి? అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట... 'దేనినీ ముట్టుకోవద్దు. ముందు పుస్తకం చదవండి'. కిట్‌తో వచ్చే పుస్తకంలో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఏ సంచిలోంచి ఏ ముక్క తీయాలో, ఏ స్క్రూ ఎంత పొడవుండాలో అసలు కొలతతోనే అచ్చేసి ఉంటుంది. స్క్రూను తెచ్చి ఆ బొమ్మ మీద పెట్టి చూసుకుంటే చాలు. ముక్కలన్నీ ఎ, బి, సి అంటూ సంచుల్లో ఉంటాయి. ఒక సంచి పని పూర్తయ్యేదాకా రెండోది విప్పకూడదు. ఆత్రంగా అన్నీ ఓ చోట కుమ్మరిస్తే... ఇక సాయంత్రమంతా వెతుకులాటే.

స్క్రూలు పోకుండా ఉండాలంటే ప్రత్యేకమైన పెట్టెలేమీ అక్కర్లేదు. వంటింట్లో పాత పోపులపెట్టె ఉంటే చాలు. ఏడు గిన్నెల్లో ఏడు కొలతల స్క్రూలు.

తర్వాతి మాట పనిముట్ల గురించి. ఈ కిట్లలో ఎక్కువగా ఆరు పలకల గుంట ఉన్న స్క్రూలే వస్తాయి. ఒకటిన్నర, రెండు, రెండున్నర మిల్లీమీటర్ల డ్రైవర్లు మూడుంటే పనిలో చాలా భాగం అయిపోతుంది. అయితే నాసిరకం ఎలెన్ కీలతో మాత్రం వద్దు. గుంట గుండ్రంగా అరిగిపోతే ఆ స్క్రూ ఇక బయటికి రాదు.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ దించేటప్పుడు ఓ కిటుకుంది. మెకానిక్కులకిది వెన్నతో పెట్టిన విద్య. ముందు స్క్రూను ఎడమకు, అంటే విప్పే వైపు మెల్లగా తిప్పాలి. ఒకచోట 'టక్'మని చిన్నగా కిందికి దిగుతుంది. పాత మర అక్కడే ఉందన్నమాట. ఇప్పుడు కుడికి తిప్పితే అదే దారిలో దిగుతుంది. కొత్త మర కోసుకోదు. తల ఆనిన వెంటనే ఆపెయ్యాలి. ఇంకొంచెం బిగిద్దాం అనుకున్నామా, మర కొట్టుకుపోతుంది! ఇనుము ఇనుములో దిగే చోట మాత్రం పద్ధతి వేరు. అక్కడ థ్రెడ్‌లాక్ అనే జిగురు చుక్క వెయ్యాలి. లేదంటే అదురుకు స్క్రూ తనంతట తానే ఊడొస్తుంది. ఆ జిగురు ప్లాస్టిక్‌కు తగలకూడదు. తగిలితే కొన్ని రకాల ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది.

నూనెలో ఉంది కిటుకు

మళ్లీ మన ట్రాక్టరు దగ్గరికొద్దాం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. కానీ దానికో బలహీనత ఉంది. ఒక చక్రానికి పట్టు తప్పితే ఊపంతా అటే పోతుంది. రెండో చక్రం చేతులెత్తేస్తుంది. ట్రాక్టర్‌లో పెడలు నొక్కి రెండింటినీ కట్టేస్తాం. పందెంలో ఉన్న బొమ్మ ట్రక్కుకు పెడలు ఉండదు. మరెలా?

డిఫరెన్షియల్ డబ్బాలో చిక్కటి సిలికాన్ నూనె నింపుతారు. చక్రాల మధ్య తేడా ఎక్కువైతే ఆ నూనె గేర్లను పట్టి నిదానిస్తుంది. నూనె ఎంత చిక్కగా ఉంటే చక్రాలు అంతగా ఒక్కటై తిరుగుతాయి. పలచగా ఉంటే మలుపులో సులువుగా తిరుగుతుంది. ట్రగ్గీలో ఇలాంటి డబ్బాలు మూడుంటాయి... ముందొకటి, వెనకొకటి, మధ్యలో ఒకటి.

ఈ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. నీళ్లది దాదాపు 1. మామూలు గది వేడిలో ఆముదానిది కొన్ని వందలు. ట్రగ్గీ డబ్బాల్లో వాడేది వేలల్లో ఉంటుంది. వెనక అయిదు వేలు, ముందు ఏడు వేలు, మధ్యలో పదివేలు... ఇలా మొదలుపెట్టి నేలను బట్టి మార్చుకుంటూ పోతారు. నల్లరేగడి తడిస్తే ఒక లెక్క, ఎర్ర గరప నేల ఎండితే ఇంకో లెక్క. ఇల్లెందు వైపు ఎర్రమట్టి దిబ్బ మీద బాగా నడిచిన బండి గోదావరి ఒడ్డు ఇసుకలో మొరాయించొచ్చు. అప్పుడు మార్చాల్సింది బండిని కాదు, డబ్బాలో నూనెను.

నింపడమూ ఓ కళే. గేర్ల పైన అడ్డంగా ఉండే కడ్డీ మునిగేదాకా పోసి, పక్కన పెట్టి, బుడగలు పైకొచ్చేదాకా ఆగాలి. అంచుల దాకా నింపేస్తే వేడికి వ్యాకోచించి సీలు లోంచి కారిపోతుంది. మూత బిగించేటప్పుడు నాలుగు స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ట్రాక్టరు చక్రం నట్లు బిగించే తీరే ఇక్కడా!

డంపర్‌కీ దీనికీ చుట్టరికం

మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే భారీ డంపర్లను చూసినవాళ్లు మర్చిపోలేరు. పదుల టన్నుల బొగ్గూ మట్టీ మోస్తూ గుంతల దారిలో అలా సాగిపోతాయి. అలాంటి భారీ వాహనాల్లో అదురును మింగేది ఎక్కువగా నూనె, నైట్రోజన్ వాయువు నింపిన సిలిండర్లే. బొమ్మ ట్రక్కులోని షాక్ అబ్జార్బర్ దానికి మునిమనవడి లాంటిది. వేలంత సిలిండరు, లోపల చిన్న చిల్లులున్న పిస్టన్, చుట్టూ స్ప్రింగు. పిస్టన్ కదిలినప్పుడు నూనె ఆ చిల్లుల్లోంచి దూరాలి. ఆ కష్టమే అదురును చంపుతుంది.

ఇక్కడ వాడే నూనె ఆముదం కంటే పలచన... 350 నుంచి 600 సెంటీస్టోక్స్ మధ్య. మరి ఆముదమో, ఇంజిన్ ఆయిలో పోస్తే పోలా? పోదు. అవి వేడికి త్వరగా పలచబడతాయి. సిలికాన్ నూనెలో ఆ మార్పు చాలా తక్కువ. తక్కువే కానీ అసలు లేకపోలేదు. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు తెలిసినవే కదా! చలికాలం పొద్దున సరిపోయిన నూనె మే నెల మధ్యాహ్నం పలచబడుతుంది. అందుకే ఎండల్లో ఓ మెట్టు చిక్కటి నూనెకు మారతారు.

షాక్ అబ్జార్బర్లో నూనె పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి, ఓ అయిదు పది నిమిషాలు నిలబెట్టాలి. బుడగ మిగిలితే ఆ పక్క బండి మెత్తబడుతుంది. కుడి ఎడమలు ఒకేలా ఉన్నాయో లేదో చూడటానికి రెంటినీ ఒకదానికొకటి ఎదురుగా పట్టుకుని ఒత్తాలి. ఒకటి ముందే దిగితే తేడా ఉన్నట్టే. విప్పాలి, మళ్లీ నింపాలి. చక్రాల చేతులు కూడా అంతే. స్ప్రింగు పెట్టకముందు చెయ్యి ఎత్తి వదిలితే దాని బరువుకదే కింద పడాలి. పట్టేస్తుంటే రంధ్రాన్ని కొంచెం సాపు చెయ్యాలి. ఇంట్లో పెద్దవాళ్లకు చాదస్తంలా అనిపిస్తుంది కానీ, పోటీలో మొదటి వరసకూ చివరి వరసకూ తేడా తెచ్చేది ఈ చాదస్తమే.

కాగితం ముక్క కొలబద్ద

మోటారు గేరుకూ, దాన్ని అందుకునే పెద్ద గేరుకూ మధ్య సందు ఎంతుండాలి? ఎక్కువైతే పళ్లు ఒరుసుకుని విరుగుతాయి. తక్కువైతే మోటారు వేడెక్కుతుంది. దీనికి పెద్ద పరికరాలేమీ వద్దు. నోటుపుస్తకం కాగితాన్ని సన్నగా చించి రెండు గేర్ల మధ్య పెట్టి, దగ్గరకు నొక్కి మోటారును బిగించాలి. కాగితం లాగేస్తే మిగిలేదే సరైన సందు. చిరక్కుండా ముడతలు పడి వస్తే పాసైనట్టే!

చక్రాలను తిప్పే సర్వోకు కొమ్ము తగిలించే ముందు దానికి కరెంటిచ్చి మధ్యకు తీసుకురావాలి. ఇది మర్చిపోతే బండి కుడికి తిరిగినంతగా ఎడమకు తిరగదు. టైర్లను రిమ్ములకు జిగురుతో అంటించాలి. ముందు రిమ్మును శుభ్రంగా తుడవకపోతే మొదటి మలుపులోనే టైరు ఊడుతుంది.

పిల్లలు ఎదురుచూసేది మాత్రం రంగు కోసమే. పైకప్పు పారదర్శకమైన పాలికార్బొనేట్‌తో వస్తుంది. రంగు వెయ్యాల్సింది పైన కాదు... లోపల! అప్పుడే బండి పల్టీలు కొట్టినా రంగు చెక్కుచెదరదు. లోపల వేస్తాం కాబట్టి వరస తిరగబడుతుంది. ముందు చిన్న గీతలు, అక్షరాలు. ఆ తర్వాతే పెద్ద రంగు. బయట ఉన్న పల్చటి పొరను చివర్లో లాగేస్తే అద్దంలా మెరుస్తుంది.

అన్నీ కలిపి అలవాటు లేని చేతికి ఇరవై గంటల దాకా పడుతుంది. రోజుకు గంటన్నర చొప్పున దాదాపు రెండు వారాలు. టీవీ ముందు గడిచే సాయంత్రాలే అవి.

అయిదు నిమిషాల పందెం

పోటీ ఎలా ఉంటుంది? మట్టితో చేసిన ట్రాక్. మలుపులు, దిబ్బలు, వరసగా ఎత్తుపల్లాలు. నడిపేవాళ్లంతా ఎత్తయిన వేదిక మీద నిలబడతారు. ముందు అర్హత పందేలు. ఒక్కోటీ సాధారణంగా అయిదు నిమిషాలు. వాటిలో తెచ్చుకున్న స్థానాన్ని బట్టి ఫైనల్‌లో వరస. ప్రతి బండిలో ఓ చిన్న పరికరం ఉంటుంది. గీత దాటిన ప్రతిసారీ కంప్యూటర్ సమయం రాసుకుంటుంది.

అన్నిటికన్నా ముచ్చటైన నియమం ఇంకోటుంది. తన పందెం పూర్తయినవాడు వెంటనే వెళ్లిపోకూడదు. తర్వాతి పందెంలో ట్రాక్ పక్కన మార్షల్‌గా నిలబడాలి. ఎవరి బండి పల్టీ కొట్టినా పరుగెత్తి నిలబెట్టాలి. పొద్దుట ఓడించినవాడి బండినైనా సరే!

మన దేశంలో ఈ ఆట ఎక్కువగా సాంకేతిక ఉత్సవాల చుట్టూ పెరిగింది. ఐఐటీ బొంబాయి 'టెక్‌ఫెస్ట్'లో ఇంధనంతో నడిచే రిమోట్ కార్ల పందెం 'ఫుల్ థ్రాటిల్' పేరు తెచ్చుకుంది. ఇక మనిషి కూర్చుని నడిపే ఆఫ్‌రోడ్ బండిని విద్యార్థులే తయారుచేసే 'బాహా' పోటీ 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీలో పుట్టి, 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌కు వచ్చింది. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల జట్లూ అక్కడికి వెళ్లాయి. చాలా ఏళ్లపాటు అందరికీ ఒకే రకం 10 హార్స్‌పవర్ ఇంజిన్. నాలుగు గంటల సహన పరీక్ష. అక్కడ డిఫరెన్షియల్ ఉండాలా వద్దా, షాక్ అబ్జార్బర్ ఎంత మెత్తగా ఉండాలి అన్న తర్జనభర్జనలే జట్ల తలరాత తేలుస్తాయి. ఆ ప్రశ్నలన్నీ కిట్ పెట్టెలో ఎనిమిదో వంతు కొలతలో ముందే ఎదురవుతాయి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. సింగరేణి గనులు, పాల్వంచ థర్మల్ కేంద్రం, సారపాక కాగితం మిల్లు... ఈ ప్రాంతంలో భారీ యంత్రాలకు కొదవలేదు. వాటిని చప్పుడు విని బాగుచేసే చేతులకూ కొదవలేదు. కానీ ఆ చేతుల పిల్లల్లో ఎందరో ఇంజినీరింగ్ సీటు వచ్చేదాకా స్క్రూడ్రైవర్ ముట్టకుండానే పెరుగుతున్నారు. ర్యాంకు కోసం టార్క్ సూత్రం కంఠస్థం చేసిన పిల్లాడికి, ఆ టార్క్ ఎక్కువై గేరు పళ్లు రాలిన చప్పుడు తెలియదు. తండ్రికి తెలిసింది కొడుకు పుస్తకంలో ఉండదు. కొడుకు చదివింది తండ్రికి అర్థం కాదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే స్క్రూ గురించి వాదించుకునే అవకాశం ఇస్తుందీ కిట్.

అడవి గట్టున... తస్మాత్ జాగ్రత్త

బండిని నడిపించేది లిథియం పాలిమర్ బ్యాటరీ. ఒక్కో సెల్ 3.7 వోల్టులు. నిండితే 4.2. ట్రగ్గీలో సాధారణంగా నాలుగు సెల్స్ ఉంటాయి. అవసరమైనప్పుడు ఒక్కసారిగా బోలెడంత కరెంటిస్తాయి. అందుకే పట్టు తప్పితే ప్రమాదం కూడా అంతే. ఎక్కువగా చార్జ్ చేసినా, గుచ్చుకున్నా, నలిగినా మంట లేవొచ్చు. మామూలు నిప్పులా నీళ్లు చల్లగానే ఆరేది కాదది.

ఈ జాగ్రత్త అడవి అంచున ఉన్నవాళ్లకు రెట్టింపు అవసరం. తునికాకు కోసే కాలానికి టేకు చెట్ల కింద ఎండుటాకులు దట్టంగా పరుచుకుని ఉంటాయి. నిప్పురవ్వ చాలు. రాయికి గుద్దుకుని బ్యాటరీ చీలిన బండి ఆ ఆకుల్లో పడి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక కిన్నెరసాని పరిసరాలు 1977లోనే అభయారణ్యమయ్యాయి. విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. జంతువులను బెదరగొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రిమోట్ బండికి అక్కడ పనిలేదు. రిజర్వు అడవి లోపలా అంతే. కోతలైపోయిన సొంత పొలం, ఖాళీగా ఉన్న కళ్లం, అనుమతి తీసుకున్న బడి మైదానం... ఈ బండికి అవే అడవులు. ఎత్తుపల్లాలు కావాలంటే పార పట్టుకుని నాలుగు దిబ్బలు పోసుకోవచ్చు.

ఖర్చు మాటేమిటి?

దాచి లాభం లేదు. ఎక్కువే. పోటీ స్థాయి కిట్ విదేశీ మార్కెట్లో వందల డాలర్లు పలుకుతుంది. మోటారు, సర్వో, రిమోట్, బ్యాటరీ, చార్జర్ వేరే కొనాలి. వాటికీ దాదాపు అంతవుతుంది. దానికితోడు ఆటబొమ్మల దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి పెరిగింది. 2023లో 70 శాతమైంది. మధ్యతరగతి ఇంటికి ఇది ఒక స్కూటరు బేరం!

దారులు లేకపోలేదు. చవక కిట్‌తో మొదలెట్టొచ్చు. తమియా తన పాత బగ్గీల్లో కొన్నింటిని మళ్లీ అచ్చుల్లో పోసింది. 1979 నాటి శాండ్ స్కార్చర్ 2010లో మళ్లీ వచ్చింది. ఇంకో దారి... బండిని అచ్చువేసుకోవడం! స్వీడన్‌కు చెందిన డేనియల్ నోరే 2012లో 'ఓపెన్ ఆర్‌సీ' పేరుతో ఒక ట్రగ్గీ నమూనాలను అందరికీ ఉచితంగా పెట్టాడు. త్రీడీ ప్రింటర్ ఉంటే ఆ ముక్కలను ప్లాస్టిక్‌లో తీసుకోవచ్చు. స్క్రూలు, బేరింగులు, మోటారు లాంటివి కొంటే చాలు. ప్రింటర్ ఎక్కడుంటుందంటారా? 2016 నుంచి దేశవ్యాప్తంగా ఎంపికైన బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు వచ్చాయి. వాటిలో త్రీడీ ప్రింటర్లు ఉంటాయి. హైదరాబాద్‌లో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ అయితే అలాంటి నమూనాల తయారీకే పుట్టింది. ఒక్కో ఇంట్లో ఒక్కో బండి కాకుండా, తరగతికి ఒక బండి అనుకుంటే ఖర్చు నలభై భాగాలవుతుంది. స్క్రూ తిప్పే చేతులు మాత్రం నలభై జతలు!

ఇవి మరవొద్దు

* ముందు చేతిలోని రిమోట్ ఆన్ చెయ్యాలి. తర్వాతే బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. తారుమారైతే బండి తనిష్టం వచ్చినట్టు పరుగెత్తొచ్చు.

* చాలా రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. మన దేశంలో నిర్ణీత శక్తి లోపల ఈ బ్యాండును 2005లో లైసెన్సు నుంచి మినహాయించారు.

* బ్యాటరీ చార్జింగ్‌లో ఉండగా ఇల్లు వదిలి వెళ్లొద్దు. రాతి గచ్చు మీద, పరుపులకూ పరదాలకూ దూరంగా పెట్టాలి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీకి 5 ఆంపియర్ల చార్జింగ్ చాలు.

* ఉబ్బిన బ్యాటరీని వాడొద్దు. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. పాతది చెత్తకుప్పలో వెయ్యకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

* మొదటి బ్యాటరీ అయిపోగానే బండి మీద ఉన్న ప్రతి స్క్రూనూ ఓసారి పరీక్షించాలి. కొత్త బండిలో కనీసం రెండైనా వదులయ్యుంటాయి.

* మనుషులు, పశువులు తిరిగే చోట నడపొద్దు. నాలుగు కిలోల బండి ఆ వేగంతో తగిలితే కాలి ఎముక విరుగుతుంది.

విరిగిన రోజు

ఎంత బాగా బిగించినా ఓ రోజు విరుగుతుంది. దిబ్బ మీంచి ఎగిరిన బండి ముక్కు మీద పడుతుంది. ముందు చక్రం వేలాడుతుంటుంది. జాతరలో కొన్న కారైతే అక్కడితో ఏడుపు. ఇక్కడ మాత్రం పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుంటాడు. రెండు మిల్లీమీటర్ల డ్రైవర్ తీస్తాడు. ఆ చెయ్యి ఏ సంచిలోంచి వచ్చిందో, దాన్ని పట్టుకున్న కడ్డీ ఎటు నుంచి దూరుతుందో వాడికి తెలుసు. పది నిమిషాల్లో కొత్త చెయ్యి ఎక్కుతుంది. ఆ పది నిమిషాల కోసమే ఆ ఇరవై గంటలూ.

వచ్చే వానాకాలం మాగాణిలో ట్రాక్టరు మళ్లీ ఆగుతుంది. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంది. గట్టు మీద నిల్చున్నవాళ్లంతా ఆ చక్రం వైపే చూస్తారు. బండి బిగించిన పిల్లాడు మాత్రం డ్రైవరు మడమ వైపు చూస్తాడు.